సముద్రం దాటిన అమరావతి శిలలు

మన పత్రిక పాఠకులలో లండన్ వెళ్ళి వచ్చినవారు చాలామంది ఉన్నారు. పిల్లల చదువుల కోసమో, బంధువులను చూడడానికో వెళ్ళినవారు బ్రిటిష్ మ్యూజియం చూడకుండా తిరిగి రారు. ఆ మ్యూజియంలో 33ఏ అనే సంఖ్యగల గది ఒకటి కలదు. అద్దాల వెనుక, తెల్లని రాతి ఫలకాలు వరుసగా నిలబెట్టి ఉంటాయి. ఏనుగులు, పద్మాలు, పూలదండ మోస్తున్న మనుషులు, ధర్మచక్రాలు, స్తూపానికి నమస్కరిస్తున్న భక్తులు వాటిమీద కనిపిస్తారు. అవి ఆంధ్రదేశంలో కృష్ణానది ఒడ్డున ఉన్న అమరావతి నుండి వచ్చినవి.

కొంతకాలం క్రితం మా మందిరంలో శనివారపు తెలుగు తరగతి ముగిసిన తరువాత ఈ శిలల గురించి పెద్ద వాదన జరిగింది. "అవి మనవి, వెంటనే తిరిగి ఇచ్చివేయాలి" అని కొందరన్నారు. "అక్కడ ఉండబట్టే ఇంకా మిగిలి ఉన్నాయి" అని మరికొందరన్నారు. రెండు పక్షాలవారికీ కోపం వచ్చింది. కాని ఆ శిలలు అక్కడికి ఎట్లా చేరాయో సరిగా తెలిసినవారు మాలో ఒక్కరూ లేరని ఆ రోజు మాకు అర్థమైంది. అప్పటినుండి తెలుసుకున్న సంగతులను, వాటివలన మాకు కలిగిన ఆలోచనలను ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

స్తూపం కట్టినవారు

అమరావతికి పక్కనే ఉన్న ధరణికోటకు పూర్వనామం ధాన్యకటకం. శాతవాహనుల కాలంలో అది గొప్ప పట్టణం. క్రీస్తుకు పూర్వమే అక్కడ బౌద్ధస్తూపం వెలసింది. క్రీస్తుశకం మొదటి మూడు శతాబ్దాలలో దానిని పెంచి, చుట్టూ శిలాప్రాకారం కట్టి, అణువణువునా శిల్పాలు చెక్కారు. అండం కింది వేదిక వ్యాసమే సుమారు 50 మీటర్లు. ప్రాకారానికీ స్తూపానికీ నడుమ ఉన్న దారిలో యాత్రికులు ప్రదక్షిణం చేసేవారు. నడుస్తున్నవారికి ఇరువైపులా బుద్ధుని కథలు బొమ్మలలో కనిపించేవి. శిల్పాలకు వాడినది పలనాటి సున్నపురాయి.

దీనిని ఒక్క రాజు కట్టించలేదు. ఫలకాల అంచులలో బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో దాతల పేర్లు ఉన్నవి. వారిలో భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, గృహిణులు ఉన్నారు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు, విధికుడు అనే తోలుపనివాడు తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని సమర్పించినట్లు ఒక శాసనం చెబుతుంది. ఇది చదివినప్పుడు మాకు ఎంతో సంతోషం కలిగింది. ఒక బడిపంతులు కొడుకు, చెప్పులు కుట్టే చేతులతో సంపాదించిన సొమ్ము పెట్టి, ఇంటిల్లిపాది పేర రాయి చెక్కించాడు. రెండు వేల ఏళ్ళ క్రితపు పేదవాడి పేరు మనకు తెలియడం ఎంత అరుదు! అమరావతి శాసనంలో కనిపించే "నాగబు" అనే మాటను పండితులు కొందరు మనకు లభించిన అతి పాత తెలుగు మాటలలో ఒకటిగా ఎంచుతారు. కాబట్టి ఈ రాళ్ళతో మన భాషకు కూడా సంబంధం ఉన్నది.

నూరేళ్ళ తవ్వకం

కాలక్రమంలో బౌద్ధం క్షీణించింది. స్తూపం మట్టిదిబ్బగా మారింది. ఊరివారు దానిని దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివరలో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు తన నివాసాన్ని చింతపల్లి నుండి అమరావతికి మార్చి కొత్త పట్టణం కట్టసాగారు. కట్టడాలకు ఇటుకలు, రాళ్ళు కావలసివచ్చి ఆ దిబ్బను తవ్వించారు. శిల్పాలున్న రాళ్ళలో కొన్ని గోడలలోకి, మెట్లలోకి పోయాయి. కొన్నిటిని సున్నం కోసం కాల్చారు. ఈ మాట దాచిపెట్టి మిగిలిన కథ చెప్పడం న్యాయం కాదు. మొదటి దెబ్బ కొట్టినవారు మనవారే.

1797 ప్రాంతంలో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. ఆయనకు కుడిచేయిగా పనిచేసినవారు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు. బొర్రయ్య, లక్ష్మయ్య మొదలైన ఈ తెలుగు పండితులు లేకపోతే మెకంజీ సేకరించిన కైఫీయతులు, శాసనాలు మనకు మిగిలేవి కావు. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం చెరువు గుంటలా తయారైంది. ఆయన తన చిత్రకారులచేత శిల్పాల బొమ్మలు వేయించాడు. తరువాత మాయమైన శిల్పాలు కొన్ని ఈనాడు ఆ బొమ్మలలోనే ఉన్నవి. కొన్ని రాళ్ళు మచిలీపట్నానికి, కలకత్తాకు వెళ్ళాయి. మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే అధికారి తాను కట్టించిన సంత నడుమ అలంకారంగా కొన్నిటిని నిలబెట్టించాడు.

1845లో సర్ వాల్టర్ ఎలియట్ అమరావతిలో తవ్వించి దొరికిన ఫలకాలను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నవి. చివరకు 1859లో 121 ఫలకాలను ఓడ ఎక్కించి లండన్‌కు పంపారు. లండన్‌లో కూడా వాటికి ఆదరణ దొరకలేదు. మొదట థేమ్స్ నది రేవులో, తరువాత ఫైఫ్ హౌస్ అనే భవనపు బండ్ల కొట్టంలో పడవేశారు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే పండితుడు వాటిని అక్కడ చూసి, మరుసటి సంవత్సరం వాటి గురించి పెద్ద గ్రంథం ప్రచురించాడు. అప్పుడు గాని వాటి విలువ ఆ దేశంవారికి తెలియలేదు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మెట్లదారి గోడలకు బిగించి ప్రదర్శించగా లండన్ పొగగాలికి దెబ్బతిన్నాయి. యుద్ధకాలంలో కిందికి దించిన తరువాత అధిక భాగం చాలా ఏళ్ళు నేలమాళిగలోనే గడిపింది. నేడు మనం చూసే గది 1992లో తెరిచినది.

ఇక అమరావతిలో తవ్వకం ఆగలేదు. 1877లో రాబర్ట్ సూయల్, 1880లో గవర్నరు ఉత్తర్వుతో పనివారు, 1881-82లో జేమ్స్ బర్జెస్, తరువాత అలెగ్జాండర్ రీ తవ్వారు. శాస్త్రీయ పద్ధతి లేకుండా చేసిన 1880 నాటి తవ్వకంతో మధ్య భాగం పెద్ద గొయ్యిగా మారింది. దొరికినవి చాలావరకు మద్రాసు మ్యూజియానికి పోయాయి. పురాతన కట్టడాల సంరక్షణాధికారిగా ఉన్న హెచ్.హెచ్. కోల్ అనే ఆంగ్లేయుడు అసలు శిల్పాలను వాటి చోటనే ఉంచాలని, మ్యూజియాలకు అచ్చుబొమ్మలు చాలునని ఆనాడే వాదించాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. అంటే ఇది ఈనాటివారు కనిపెట్టిన ఆలోచన కాదు. తీసుకువెళ్ళినవారిలోనే ఒకరు అప్పుడే అడ్డు చెప్పారు.

ఎవరి పేరు మిగిలింది?

లండన్‌కు వెళ్ళిన ఈ ఫలకాలను చాలాకాలం "ఎలియట్ మార్బుల్స్" అని పిలిచారు. ఇవి ఎలియట్ గారివీ కావు, మార్బుల్ కూడా కాదు. గ్రీసు దేశపు పార్థెనాన్ ఆలయ శిల్పాలకు కూడా అదే గతి పట్టింది. ఎల్గిన్ ప్రభువు వాటిని ఊడదీయించి తేగా, 1816లో బ్రిటిష్ పార్లమెంటు 35,000 పౌన్లకు కొన్నది. నేటికీ "ఎల్గిన్ మార్బుల్స్" అనే పేరే వ్యాప్తిలో ఉంది. చెక్కినవాడి పేరు, ఇచ్చినవాడి పేరు పోయి, తీసుకుపోయినవాడి పేరు నిలిచింది.

పేరు పోవడమంటే ఏమిటో మనకు వేరే చెప్పనవసరం లేదు. 1834 నుండి ఈ మారిషస్ దీవికి ఒప్పందపు కూలీలుగా సుమారు 5 లక్షలమంది వచ్చారు. కోరంగి రేవు పేరును బట్టి మనవారిని "కోరంగులు" అన్నారు. తండ్రి పేరు ఇంటిపేరైంది. గుమాస్తా చెవికి వినిపించిన అక్షరాలు మన పేర్లయినవి. 1859లో ఆ 121 ఫలకాలు మద్రాసు రేవు విడిచాయి. సరిగ్గా ఆ కాలంలోనే ఈ దీవికి అత్యధికంగా కూలీలు వచ్చారు. మన ముత్తాతలకూ ఆ శిలలకూ కొంతకాలం ఒకే రేవు, ఒకే దొరతనం, ఒకే సముద్రం.

అయితే ఒక తేడా ఉన్నది. మన పెద్దల రిజిస్టర్లు ఈ దేశంలోనే ఉండిపోయాయి. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరిచిన ఆ పుస్తకాలలో సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఓడ వ్రాసి ఉంటాయి. 1860ల తరువాత వచ్చినవారిలో చాలామందికి ఫోటోలు కూడా ఉన్నవి. మనలో ఎందరో అక్కడికి వెళ్ళి, తమ ముత్తవ్వ ముఖాన్ని మొదటిసారి చూసి, కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ పుస్తకాలు లండన్‌లో ఉండి ఉంటే, తోటలో పనిచేసి బతికిన ఏ కుటుంబం వెళ్ళి చూడగలిగేది? అవి అక్కడ ఇంకా భద్రంగా ఉండేవేమో. కాని మనకు మాత్రం లేనట్టే అయ్యేది. అమరావతి ఊరివారికి విధికుని రాళ్ళ విషయం కూడా ఇంతే.

ఇరుపక్షాల వాదాలు

మ్యూజియం పక్షాన చెప్పే మాటలలో బలం లేకపోలేదు. తీసుకుపోకపోతే ఆ రాళ్ళు సున్నపు బట్టీలో కాలిపోయేవని అంటారు. కొన్నింటి విషయంలో అది నిజం. లక్షలమంది రుసుము లేకుండా చూస్తున్నారని అంటారు. అది కూడా నిజమే. పైగా అక్కడి పండితులు చేసిన పరిశీలన చిన్నది కాదు. రెండు వైపులా శిల్పమున్న ఒక ఫలకం ఆ గదిలో ఉన్నది. ఒక వైపు పాత కాలపు పని, అందులో బోధివృక్షమూ ఖాళీ ఆసనమూ ఉంటాయి. కొన్ని తరాల తరువాత అదే రాతిని తిప్పి, రెండవ వైపు పూర్తి స్తూపం బొమ్మ చెక్కారు. నేలమీద మిగలని ఆ స్తూపం ఎట్లా ఉండేదో మనం ఇటువంటి ఫలకాల వలననే ఊహించగలుగుతున్నాము.

కాని "భద్రం" అనే మాటను కొంచెం పరీక్షించాలి. మద్రాసులో ఆరుబయట, లండన్‌లో బండ్ల కొట్టంలో, తరువాత పొగలో పడిన దెబ్బలు భద్రత కావు. 2023లో బ్రిటిష్ మ్యూజియమే తన నిల్వలలోనుండి సుమారు 2,000 వస్తువులు పోయాయనీ, పాడయ్యాయనీ, దొంగిలించబడ్డాయనీ ప్రకటించవలసి వచ్చింది.

మరి మన పక్షం? ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే బౌద్ధక్షేత్రం ఉన్నది. అక్కడ సర్కారు కాపలాలో ఉన్న శిల్పాలే 2000-2001 ప్రాంతంలో దొంగల పాలయ్యాయి. వాటిలో బుద్ధుని ఆరాధకులను చెక్కిన ఒక ఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో న్యూయార్క్ వ్యాపారి వద్ద 5,95,000 డాలర్లకు కొన్నది. అది దొంగసొత్తు అని తేలిన తరువాత 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చింది. ఈ కథలో సంతోషమూ ఉన్నది, సిగ్గూ ఉన్నది. మన ఇంట పోయింది, పొరుగువాడు తెచ్చి ఇచ్చాడు.

అమరావతి శిలలు మద్రాసుకు పోయిన సంగతిని కూడా మరువరాదు. అక్కడ కొన్నిటిని గోడలలో సిమెంటుతో పొదగగా రాతికి హాని కలిగింది. 1953లో ఆంధ్రరాష్ట్రం వేరుపడినా ఆ శిలలు మద్రాసులోనే ఉండిపోయాయి. కాబట్టి ఇది కేవలం తెల్లవారితో తగాదా కాదు. పుట్టిన చోటికీ పెద్ద నగరానికీ మధ్య ఎక్కడైనా ఉండే తగాదా.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది

చందవరం ఫలకం ఎందుకు తిరిగి వచ్చింది, అమరావతి ఫలకాలు ఎందుకు రాలేదు? ఇది తెలియకుండా వాదించడం వృథా. దొంగతనంగా దేశం దాటించిన కళాఖండాల గురించి యునెస్కో 1970లో ఒక ఒడంబడిక చేసింది. భారతదేశం 1972లో పురావస్తు చట్టం చేసుకొని, 1977లో ఆ ఒడంబడికలో చేరింది. బ్రిటన్ 2002లో గాని చేరలేదు. ఈ ఒడంబడిక వెనుకటి కాలానికి వర్తించదు. అంటే 2001లో పోయిన రాతికి చట్టం ఉంది, 1859లో పోయిన రాతికి లేదు. పైగా బ్రిటిష్ మ్యూజియం తన సొత్తును వదులుకోకుండా 1963 నాటి బ్రిటిష్ చట్టం ధర్మకర్తల చేతులు కట్టివేసింది. కొద్దిపాటి మినహాయింపులే ఉన్నవి.

వలసపాలనలో పోయినవి ఇంటికి వచ్చినా, న్యాయస్థానం తీర్పుతో కాక సొమ్ముతోనో మంచితనంతోనో వస్తున్నాయి. 1898లో పిప్రహ్వా స్తూపంలో దొరికిన రత్నాలను 2025లో వేలం వేయబోగా భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. వేలం ఆగింది. చివరకు ఒక భారతీయ వ్యాపారసంస్థ కొనగా ఆ ఏడు జూలైలో అవి దేశానికి వచ్చాయి. బుద్ధుని అస్థికలతో పాటు భక్తులు పెట్టిన కానుకలను మళ్ళీ కొనవలసివచ్చింది!

అమరావతి శిలలను తీసుకున్న ప్రతి అధికారికీ అనుమతి ఉన్నది. కాని ఆ అనుమతి ఇచ్చినది అతని దొరతనమే. మన ముత్తాతల ఒప్పందపు కాగితం మీద కూడా నిశానీ ఉన్నది. చదవలేని కాగితం మీద వేసిన నిశానీ అంగీకారమా కాదా అనేది మన బడులలో పిల్లలకు నేర్పుతూనే ఉన్నాము. తొలినాటి ఒప్పందాలలో కూలీకి తిరుగు ప్రయాణపు హక్కు ఉండేది. తరువాత దానిని తీసివేశారు. రాళ్ళకు ఆ మాత్రం కాగితం కూడా లేదు.

మా సెమ్మె కథ

ఇక్కడ మా స్వంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మా మందిరంలో పూర్వం ఒక ఇత్తడి దీపపు సెమ్మె ఉండేది. రామభజనం నాడు దాని చుట్టూ తిరిగి పాడేవారము. ఓడలో వచ్చిన మొదటి తరంవారు దానిని తెచ్చారని పెద్దలు చెప్పేవారు. చాలా ఏళ్ళ క్రితం పరదేశపు సంస్థ ఒకటి ప్రదర్శన కోసమని అడిగితే, అతిథులను కాదనలేక ఇచ్చాము. రసీదు అడగలేదు. ఫోటో తీసుకోలేదు. తరువాత మూడు ఉత్తరాలు వ్రాశాము. ఒకదానికి జవాబు వచ్చింది. సెమ్మె భద్రంగా ఉన్నదనీ, అక్కడ ఎక్కువమంది చూస్తున్నారనీ అందులో ఉన్నది. మా కుర్రవాడొకడు అక్కడికి వెళ్ళి చూసి వచ్చాడు. కింద చీటీ మీద "దక్షిణ భారత దీపం" అని మాత్రమే ఉన్నదట. ఈ దీవి పేరు లేదు, మా ఊరి పేరు లేదు, దానిని మోసుకువచ్చినవారి పేరు లేదు. ఆ రోజు మా పెద్దమ్మ ఒకామె, "దీపం ఉంది గదా నాయనా, వెలిగిస్తున్నారా?" అని అడిగింది. మేమేమీ చెప్పలేకపోయాము.

అయితే కథ అంతటితో ముగియలేదు. సెమ్మె ఇచ్చిన ఆ బీరువాలోనే తాతలనాటి భజన కీర్తనల చేతివ్రాత పుస్తకాలు నాలుగు ఉండేవి. వాటిని ఎవరూ అడగలేదు, ఎవరూ తీసుకుపోలేదు. మా దగ్గరే ఉన్నవి. ఒకసారి గొడుగు కోసం బీరువా తెరిచేసరికి నాలుగింటినీ చెదలు తినివేశాయి. అట్టలు చేతికి వచ్చాయి, లోపల మట్టి మాత్రమే ఉన్నది. ఇప్పుడు సెమ్మె కోసం కోపగించే హక్కు మాకు ఉన్నదా? ఉన్నదనే మేము అనుకుంటున్నాము. పుస్తకాలను పోగొట్టుకున్నంత మాత్రాన సెమ్మె పరులది కాదు. కాని తిరిగి ఇమ్మని అడిగే ముందు, దానిని పెట్టుకునే చోటు ఊడ్చి ఉంచుకోవాలి.

మనం ఏమి అడగాలి?

అమరావతి విషయంలోనూ ఇదే మా అభిప్రాయం. అన్నీ ఒక్కరోజున ఓడ ఎక్కి రావాలని మేము అనడం లేదు. కాని ఏదీ ఎన్నటికీ రాకూడదనే చట్టం న్యాయమైనది కాదు. పార్లమెంటు చేసిన దానిని పార్లమెంటు మార్చగలదు. అంతవరకు దీర్ఘకాలపు అరువుగానైనా కొన్ని ఫలకాలు కృష్ణ ఒడ్డుకు రావచ్చును. లండన్‌లోనూ చెన్నైలోనూ ఉన్న ప్రతి ఫలకం కింద అది స్తూపంలో ఎక్కడిది, దాత ఎవరు, ఎవరు ఏ సంవత్సరంలో తీశారు అనే సంగతులు తెలుగులో కూడా వ్రాయవచ్చును. దీనికి ఏ చట్టమూ అడ్డురాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ తన వంతు చేయాలి. 2015లో కొత్త రాజధానికి అమరావతి పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఇచ్చిన ఊరిలోని పాత దిబ్బకూ, మ్యూజియానికీ, చందవరం వంటి చిన్న క్షేత్రాలకూ మంచి కాపలా, పూర్తి జాబితా ఉన్ననాడు మన కోరికకు బలం వస్తుంది.

ఇక మన పని మనము చేయాలి. ప్రతి ఇంటిలోనూ ఓడ ఎక్కి వచ్చిన వస్తువు ఏదో ఒకటి ఇంకా మిగిలి ఉంటుంది. రోకలి కావచ్చు, కాసు కావచ్చు, అమ్మోరు పండుగలో వాడిన చెంబు కావచ్చు, చినిగిన పెద్దబాలశిక్ష కావచ్చు. వాటిని ఎవరికీ ఇవ్వనవసరం లేదు. శనివారం సాయంత్రం తరగతి వేళకు మందిరానికి తీసుకురండి. మా విద్యార్థులు ఫోటో తీసి, ఎవరు తెచ్చారు, ఏ ఊరినుండి వచ్చింది, ఇంటిలో దానిని ఏమని పిలుస్తారు అనే మూడు ప్రశ్నలకు జవాబులు పుస్తకంలో వ్రాసుకొని, వస్తువును మీ చేతికే తిరిగి ఇస్తారు. పుస్తకం రెండు ప్రతులు ఉంటుంది. మొదటి పుటలో ఆ ఇత్తడి సెమ్మెను గుర్తున్నంతవరకు బొమ్మ వేయించి, దానిని మోసుకువచ్చినవారి పేరు పెద్దలను అడిగి వ్రాశాము.